చిక్కడపల్లి శిక్షణాలయములు

హైదరాబాదు నగరమున నారాయణగూడ చౌరస్తానుండి చిక్కడపల్లి మీదుగ అశోక్‌నగరు వరకు గల దారి పొడవైనది కాదు. కాలినడకన స్వల్పకాలములోనే ముగియును. కాని ఆ కొలది దూరములో తెలుగువారి విద్యాచరిత్రమునందలి రెండు యుగములు ఎదురెదురుగ నిలిచియున్నవి. ఒక కొసను, ప్రభుత్వము ఆదరింపని చదువును ప్రజలు తమ పూనికతో నిలుపుకొన్న బాలికల పాఠశాల గలదు. రెండవ కొసను, సర్కారు కొలువునకై పరీక్ష వ్రాయగోరు యువజనులకు రుసుము గొని పాఠము చెప్పు శిక్షణాలయములు, లోకులు కోచింగు సెంటర్లని పిలుచునవి, వీధివీధిన వెలసియున్నవి. ఈ రెంటిలో ఏదియు ప్రభుత్వము స్థాపించినది కాదు. రెండును ప్రభుత్వము విడిచిన లోటున పుట్టినవే. అయినను మొదటిది జాతికి ఆస్తి యయ్యెను. రెండవది జాతికి ఏమగునో ఇంకను తేలవలసియున్నది. అది తేలువరకు చేతులు ముడుచుకొని చూచుచుండుట ప్రభుత్వమునకు గాని ప్రజలకు గాని తగదని మా దృఢాభిప్రాయము.

ఈ శిక్షణాలయములకు వచ్చువారెవరో ముందుగ తెలిసికొనవలెను. పాలమూరు, నల్లగొండ, ఖమ్మము, ఆదిలాబాదు మొదలగు జిల్లాల రైతుబిడ్డలు, కూలివారి బిడ్డలు, చిన్న జీతగాండ్ర బిడ్డలు వీరిలో విశేషముగ నున్నారు. డిగ్రీ ముగించి, ఊర పని దొరకక, ఇంటివారు అప్పు చేసియో, ఉన్న కొంచెము పొలము కుదువబెట్టియో యిచ్చిన సొమ్ము మూటగట్టుకొని వీరు పట్నము చేరుదురు. ఒక్క గదిలో మూడు నాలుగు మంచములు. మంచము క్రింద పెట్టె, మంచముమీద పుస్తకములు. ఉదయము తరగతి, మధ్యాహ్నము జిరాక్సు దుకాణమువద్ద నోట్సుకై నిరీక్షణము, సాయంకాలము మాదిరి పరీక్ష, రాత్రి మరల చదువు. నగరపాలక సంస్థ 2014లో ఆరంభించిన అయిదు రూపాయల భోజనము వీరిలో అనేకుల కడుపు నింపినది. పండుగకు ఊరికి పోయినచో చుట్టములు ఉద్యోగమెప్పుడని అడుగుదురను భయమున పండుగనాడును గదిలోనే గడపువారు గలరు. ఈ జీవితము ఒక యేడాదితో ముగిసిన ఓర్చుకొనవచ్చును. కొందరికిది అయిదేండ్లు, ఆరేండ్లు సాగుచున్నది. యౌవనమున మంచి వయస్సంతయు ఒక గదికిని ఒక తరగతికిని నడుమ తరిగిపోవుచున్నది.

ప్రజలు నడుపుకొను బడి మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నిజాము పాలనలో బోధనాభాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య చెప్పవచ్చునని భారతదేశమునకు చూపిన మాట నిజమే; కాని ఆ దేశభాష తెలుగు పల్లెల బిడ్డ తల్లియొద్ద నేర్చిన భాష కాదు. ప్రజలు తమంతట తాము ఒక ఖాన్గీ బడి పెట్టుకొనవలెనన్నను ముందుగ సర్కారువారి అనుమతి పొందవలసియుండెను. ఆ కట్టుబాటు తొలగింపుడని ఆనాటి ప్రజానాయకులు ఆంధ్రమహాసభా వేదికలనుండి అడుగుచునే యుండిరి.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కరణసభ జరిగినది. అధ్యక్షులు మహర్షి కర్వేగారు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా కొందరు గేలి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సంఘమునకు ప్రాణముగ నిలిచిన మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1928లో ఆంధ్ర బాలికల ఉన్నత పాఠశాలను నెలకొల్పిరి. ఆడపిల్లలకు తెలుగున ఉన్నత పాఠశాలా విద్య చెప్పుటయే దాని సంకల్పము. ఇచ్చటి విశ్వవిద్యాలయము తెలుగు చదువును గుర్తింపదాయెను. గుర్తింపు లేని చదువు ఎందులకని పంతులుగారు పాఠశాలను మూసివేయలేదు. కర్వే మహర్షి 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో దానిని చేర్చి, మన బాలికలను అచ్చటి పరీక్షలకు సిద్ధపరచిరి. తెలుగు నవ్వులపాలైన సభకు అధ్యక్షత వహించిన మహనీయుని విద్యాపీఠమే ఏడేండ్ల పిదప తెలుగు బాలికల చదువునకు నీడనిచ్చుట మన చరిత్రమున మరువరాని ఘట్టము. ఆ పాఠశాల పంతులుగారి పేరుతో నేటికిని నారాయణగూడలో నిలిచియున్నది. అదే పేటలో 1940లో న్యాయమూర్తి కేశవరావు కోరట్కరుగారి స్మారకముగ మరియొక విద్యాసంస్థ వెలసినది. జిల్లాలనుండి వచ్చు విద్యార్థులకు తలదాచుకొను చోటు లేదని గ్రహించి రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు 1918లోనే రెడ్డి హాస్టలును నిలుపుటకు పూనుకొనిరి.

పూర్వులను పొగడి నేటివారిని తెగడుటకు మేమీ చరిత్రమును తలపలేదు. నాటి బాలికల పాఠశాలయు ఒక విధముగ పరీక్షకు సిద్ధపరచు బడియే. దూరమున నెవరో పెట్టు పరీక్షకు ఇచ్చట పాఠము చెప్పినదే. మరి భేదమెక్కడ? రుసుము గొనుటలో కాదు. ఉపాధ్యాయుడు గాలి మేసి బ్రదుకడు. భేదము బాధ్యతలో నున్నది. ఆ పాఠశాలకు లెక్క చెప్పుకొనవలసిన ప్రజ యుండెను. పరీక్ష తప్పిన బాలిక మరునాడును ఆ పాఠశాల బిడ్డయే. ఆమెకు చదువు వచ్చెనా, తెలివి వికసించెనా, ఇల్లును ఊరును ఆమెవలన బాగుపడెనా యని అడుగువారుండిరి. నేటి శిక్షణాలయమునకు అట్టి ప్రశ్న వేయువారు లేరు. నెగ్గినవాని చిత్తరువు గోడకెక్కును. తప్పినవాడు తిరిగి రుసుము చెల్లించి క్రొత్త తరగతిలో చేరును. ఒకే విజేత చిత్తరువు పలు శిక్షణాలయముల ప్రకటనలలో కనబడుట పాఠకులెరిగినదే.

న్యాయము చెప్పవలెనన్న, శిక్షణాలయములన్నిటిని ఒకే గాట కట్టరాదు. పల్లెనుండి వచ్చిన విద్యార్థికి రాజ్యాంగమును, ఆర్థికశాస్త్రమును, తెలంగాణోద్యమ చరిత్రమును తెలుగున విడమరచి చెప్పి, అతని భయము పోగొట్టి, నలుగురిలో నిలువబెట్టిన ఉపాధ్యాయులు ఈ వీధులలో గలరు. కళాశాలలు మూడేండ్లలో చేయలేని పనిని వారు ఆరునెలలలో చేయుచుండిరన్న, సిగ్గుపడవలసినది వారు కాదు. ఆ కళాశాలలను అట్లు ఉంచినవారు. డిగ్రీ పొందిన యువకుడు ఒక వ్యాసము స్వయముగ వ్రాయుటకు మరల డబ్బిచ్చి నేర్చుకొనవలసివచ్చుట మన విద్యావిధానముపై ఎవరును చెప్పనక్కరలేని తీర్పు.

ఈ వ్యాపారము వృద్ధి యగుటకు రెండవ కారణము పరీక్షల నిర్వాహమే. 2011లో గ్రూపు-1 ప్రకటన వెలువడిన తరువాత, 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడి దాదాపు ఎనిమిదేండ్లు గడచువరకు అట్టి ప్రకటన మరి రాలేదు. 2022 మార్చిలో శాసనసభలో 80,039 ఉద్యోగములను నింపుదుమని ప్రభుత్వము చెప్పగనే జిల్లాలన్నియు అశోక్‌నగరు దారి పట్టినవి. ఆ యేప్రిలులో 503 కొలువులకు గ్రూపు-1 ప్రకటన వచ్చెను. అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు ముందే బయటపడినట్లు తేలుటచే 2023 మార్చిలో అది రద్దయ్యెను. జూను 11న మరల జరిపిరి. సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము దానిని రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులకు క్రొత్త ప్రకటన, జూను 9న మూడవమారు ప్రాథమిక పరీక్ష, అక్టోబరులో ప్రధాన పరీక్ష. ఆ అక్టోబరులోనే అభ్యర్థులు అశోక్‌నగరు వీధులలో ఆందోళన చేయగా పోలీసులు వారిని చెదరగొట్టిరి. 2025 సెప్టెంబరు 9న ఉన్నత న్యాయస్థానపు ఏక న్యాయమూర్తి ర్యాంకుల పట్టికను కొట్టివేసిరి. అదే నెలలో ధర్మాసనము ఆ తీర్పును నిలిపివేయగా నియామకములు జరిగినవి.

ఒక్క పరీక్ష మూడుమారులు! అధికారుల లెక్కలో ఇది తేదీల మార్పు మాత్రమే. గదిలో నున్న విద్యార్థి లెక్కలో ప్రతి వాయిదాయు ఇన్ని నెలల అద్దె, ఇన్ని నెలల మెస్సు బిల్లు, తండ్రికి ఇంకొక అప్పు, చెల్లెలి పెండ్లికి ఇంకొక యేడాది జాగు. వాయిదావలన లాభపడువారు గదుల యజమానులును శిక్షణాలయములును మాత్రమే. ప్రభుత్వపు అలసత్వము పేదవాని జేబునుండి వ్యాపారి పెట్టెలోనికి సొమ్ము తరలించుచున్నది. ఇంతకన్న అన్యాయమైన పన్ను ఏ దొరతనమును విధింపలేదు. నిజమునకు పన్ను సైతము వేరుగ నున్నది: వస్తుసేవల పన్ను క్రింద శిక్షణరుసుముపై నూటికి 18 వంతున విద్యార్థియే చెల్లించుచున్నాడు. బడిలో చెప్పు చదువునకు మినహాయింపు, బడి చెప్పకపోవుటచే బయట కొనుక్కొను చదువునకు పన్ను!

మూడవ కారణము భాష. 1921లో సభలో వినబడని తెలుగు నేడు పరీక్షాపత్రమున వినబడుచున్నదా? అభ్యర్థి తెలుగున వ్రాయవచ్చునని నియమమున్నది. కాని తెలుగున వ్రాసిన సమాధానములకు తగిన విలువ దక్కలేదను ఫిర్యాదు 2025లో ఉన్నత న్యాయస్థానపు గుమ్మమెక్కినది. వివాదమునందలి నిజానిజములు న్యాయమూర్తులు తేల్చవలసినవి. వానిని గూర్చి మేము తీర్పు చెప్పబోము. అయితే అట్టి సందేహము వేలమంది హృదయములలో పాతుకొనుటయే మనకు అవమానము. తెలుగు పత్రములను తెలుగున ఆ శాస్త్రము బోధించినవారే దిద్దవలెను. దిద్దు పద్ధతిని ముందే ప్రకటింపవలెను. మరియు తెలుగున చదువదలచినవానికి పుస్తకములుండవలెను. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీ ఈ పేటకు ప్రక్కనే హిమాయత్‌నగరులో నున్నది. దాని పుస్తకములే గ్రూపు పరీక్షలకు చదువువారికి మూలాధారముగ నుండుచు వచ్చినవి. అకాడమీ పుస్తకము కాలమునకు తగినట్లు సవరింపబడి సకాలమున అచ్చయి చౌకగ దొరకినచో, తప్పులతడకలైన జిరాక్సు నోట్సునకు గిరాకీ తనంతట తానే తగ్గిపోవును.

ఇక శిక్షణాలయముల కట్టుబాటు విషయము. చట్టములు లేకపోలేదు, అమలే లేదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గసూత్రములను ప్రకటించినది. ఏబదిమందికి మించి చదువుచెప్పు శిక్షణాలయములు నమోదు కావలెననియు, ఒక్కొక్క విద్యార్థికి కనీసము ఒక చదరపు మీటరు చోటుండవలెననియు, నడుమ మానుకొన్నవానికి మిగిలిన కాలపు రుసుము పది దినములలో తిరిగి ఇయ్యవలెననియు అందున్నది. అదే సంవత్సరము జూలై 27న ఢిల్లీ రాజేంద్రనగరులో ఒక శిక్షణాలయపు నేలమాళిగలోనికి వరదనీరు చొచ్చి ముగ్గురు అభ్యర్థులు మరణించిరి. చదువుకొను గ్రంథాలయమే వారికి జలసమాధి యయ్యెను. నవంబరు 13న వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు ప్రకటనలను నిషేధించి, నెగ్గినవాని లిఖితపూర్వకమైన సమ్మతి లేనిదే అతని పేరును చిత్తరువును వాడరాదని శాసించెను. విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 2025 జూలై 25న విద్యార్థుల మానసిక స్వాస్థ్యమునకై దేశమంతటికి వర్తించు ఆదేశములిచ్చి, శిక్షణాలయముల నమోదునకు రాష్ట్రములు రెండు నెలలలో నిబంధనలు చేయవలెనని నిర్దేశించెను. కాగితములన్నియు సిద్ధముగనే యున్నవి. చిక్కడపల్లి సందులలో ఇరుకు మెట్లెక్కి ఆ కాగితములను చదివి వినిపించు అధికారి కావలెను.

శిక్షణాలయములను ఒక్క వ్రేటున మూసివేయుడను వారును గలరు. ఆ మార్గము మాకు సమ్మతము కాదు. చీనాదేశము 2021లో బడి పాఠములలో లాభాపేక్షతో శిక్షణ నిచ్చు సంస్థలను నిషేధించెను; చదువు చెప్పుట ఆగలేదు, ధనికుల ఇండ్లలోనికి చాటుగ తరలినది, వెల పెరిగినది. దక్షిణ కొరియా రాజధాని సియోలులో రాత్రి 10 గంటల పిదప శిక్షణ కూడదని కట్టడి చేసిరి. పోటీ తీవ్రత అందువలన తగ్గలేదు. దాహమున్నంతకాలము నీరమ్మువాడుండును. అతనిని తరిమివేయుట కాదు, ఊరబావి త్రవ్వించుట ప్రభుత్వధర్మము.

ఊరబావి చిక్కడపల్లిలో నున్నది. అది నగర కేంద్ర గ్రంథాలయము. రుసుము చెల్లింపలేని విద్యార్థికి అదియే కళాశాల, అదియే గురువు. తెల్లవారగనే సంచి యుంచి చోటు పట్టుకొనువారు, లోపల కుర్చీ దొరకక ఆవరణలో చెట్టుక్రింద కూర్చుండి చదువువారు అచ్చట నిత్యము కనబడుదురు. తెలియనిదానిని తోటివానినడిగి, తెలిసినదానిని తోటివానికి చెప్పి, ఒకరి పుస్తకమును నలుగురు పంచుకొని వారు సాగించు చదువును చూచినవారికి నిజమైన పాఠశాల యెట్లుండునో బోధపడును. 1901లో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు మొదలగు మహనీయులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును ఈ నగరమున స్థాపించినప్పుడు వారు కోరినది ఇట్టి దృశ్యమునే.

మరి ఈ గ్రంథాలయమును మనము ఎట్లు పోషించుచున్నాము? 1960నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ సుంకము వసూలగుచున్నది. అది పౌరులు పుస్తకములకై యిచ్చిన సొమ్ము. నగరపాలక సంస్థ చేతిలో నిలువయుంచిన పరుల సొత్తు. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరక బకాయి పడుచున్నదను మొర యేండ్లుగ వినబడుచునే యున్నది. ప్రజలు చెల్లించిన సుంకము ప్రజల కుర్చీగ, దీపముగ, పుస్తకముగ మారకపోవుటకు ఎట్టి సాకును చెల్లదు.

కావున మేము ప్రభుత్వమును కోరునవి నాలుగు. ఒకటి, కొలువుల పరీక్షలకు వత్సరారంభముననే పంచాంగము ప్రకటించి, ఆ తేదీలకు కట్టుబడవలెను. అధికారుల దోషమున పరీక్ష రద్దయినచో అభ్యర్థి వయఃపరిమితికిని వ్యయమునకును ప్రభుత్వమే పూచీ వహింపవలెను. రెండు, శిక్షణాలయములను నమోదు చేసి, రుసుము, ఉపాధ్యాయుల అర్హతలు, చేరినవారి సంఖ్య, నెగ్గినవారి సంఖ్య గుమ్మమువద్ద తెలుగున వ్రాసి యుంచునట్లు చేయవలెను. మూడు, గ్రంథాలయ సుంకపు బకాయిని తీర్చి, చిక్కడపల్లి గ్రంథాలయమును విస్తరించి, ప్రతి జిల్లా కేంద్రమున అట్టిదానిని నెలకొల్పవలెను. పుస్తకము తన జిల్లాలోనే దొరకినచో బీదవిద్యార్థి పట్నపు అద్దెలకు బలి కానక్కరలేదు. నాలుగు, వెనుకబడిన తరగతులకును షెడ్యూల్డు కులములకును ప్రభుత్వము నడుపు స్టడీ సర్కిళ్లలో స్థానములు పెంచి, ఖాన్గీ శిక్షణకు దీటైన బోధన కలిగింపవలెను. 2024లో సివిల్సు ప్రాథమిక పరీక్ష నెగ్గినవారికి లక్షరూపాయల సాయము ప్రకటించుట మెచ్చదగినదే. కాని గట్టుచేరినవానికి చేయూత నిచ్చినంత చాలదు. ఏటినడుమ ఈదుచున్నవానిని తలపవలెను.

ప్రజలకును మేమొక మాట మనవి చేయవలసియున్నది. సర్కారు కొలువొక్కటే గౌరవమను భావము మన ఇండ్లలో పుట్టి ఈ సందులలో పెరుగుచున్నది. కొలది వందల కొలువులకు లక్షలమంది పోటీపడునప్పుడు అనేకులు తప్పుట గణితము. అది వారి అయోగ్యత కాదు. తప్పిన బిడ్డను తల్లిదండ్రులు దోషిగ చూడరాదు. రాజ్యాంగమును, చరిత్రమును, ఆర్థికవ్యవహారమును ఇంత శ్రద్ధతో చదివిన యువకుడు గ్రామపంచాయతీకి, సహకార సంఘమునకు, బడికి, పత్రికకు దొరకుట దేశమునకు నష్టమా? అట్టివానికి ఊరిలో స్థానము కల్పింపలేకపోవుటయే నష్టము. యువజనులును తమ ప్రాణమును ఒక పట్టికలోని అంకెతో తూచుకొనరాదు. పట్టికలు న్యాయస్థానములలో మారుచున్నవి. ప్రాణము మరల రాదు.

గుర్తింపు లేని చదువును సైతము సిగ్గుపడక చెప్పిన పాఠశాలను, తొంబది యేండ్లకు పూర్వమే, సంపన్నులు కాని మన పెద్దలు నిలుపగలిగిరి. ఆనాడు రాజ్యము మనది కాదు, భాషకు మన్నన లేదు. నేడు రాజ్యము మనది, శాసనసభ మనది, ఖజానా మనది. అయినను మన బిడ్డలు అశోక్‌నగరు గదులలో పదింతలు వెలబెట్టి చదువు కొనుచుండగా, ప్రక్కనే గ్రంథాలయమున కుర్చీలు చాలకుండుట స్వరాజ్యమునకు శోభ కాదు. ఈ లోటు తీర్చుటకు క్రొత్త శాసనము కాని, పరదేశపు పాండిత్యము కాని అవసరము లేదు. వసూలైన సుంకమును పుస్తకములకు వెచ్చించుట, చెప్పిన తేదీన పరీక్ష జరుపుట, వ్రాసిన తెలుగును గౌరవముతో దిద్దుట, ఈ మూడు పనులు చాలును. వీనిని చేయించుకొనుట ప్రజల హక్కు. చేయుట ప్రభుత్వమునకు విధి.